వెలవని కాగితం

ఫోటో షాపు యజమాని గారికి,

'గారు' అన్నది నా మర్యాద కొద్దీ, మీ అర్హత చూసి కాదు! మిల్లు గేటు ముందు పిడికిలెత్తి నిలబడ్డ మా నాన్న ఫోటోను మీ దగ్గర పెద్దది చేయించాను. నెల తిరక్కుండానే ఆ పిడికిలి వెలిసిపోయింది! మొహం బాగానే ఉంది. కార్మికుల కోసం పోరాడి పోయిన మనిషికి పిడికిలే లేకపోతే ఇంకేం మిగిలింది? మనవలు చూసేదాకా నిలిచే కాగితం మీద మళ్లీ వేసివ్వండి!

పోరాటం ఆపని,
మిల్లు నాయకుడి కొడుకు

తా.క.: ఫ్రేము మాత్రం బాగుంది. వెనక క్లిప్పులు ఇట్టే ఊడొస్తాయని అమ్మ మెచ్చుకుంది.

*

కరపత్రం తమ్ముడికి,

'తళతళలాడాలి, చౌకగా ఉండాలి' అన్నది నువ్వే కదయ్యా! మెరిసే కాగితం, మామూలు ఇంకు కొత్త పెళ్లికొడుకులాంటివి, నాలుగు రోజుల ముచ్చట. నిలవాలంటే యాసిడ్ లేని నూలు కాగితం మీద పిగ్మెంట్ ఇంకుతో వేయాలి. అది మెరవదు గానీ, నీడపట్టున ఉంచితే నీకంటే ఎక్కువ కాలం బతుకుతుంది. వేసి పంపుతున్నాను. ఎండ తగలనివ్వకు.

ఓపిక ఇంకా మిగిలిన,
ఫోటో షాపు

తా.క.: నీ ఉత్తరంలో ఆశ్చర్యార్థకాలకు పట్టిన ఇంకుతో ఇంకో ఫోటో వేయొచ్చు.

*

దోపిడీ వర్గపు ప్రతినిధి గారికి,

మీ నూలు కాగితమూ వెలిసింది! ఏడాది పట్టింది, అంతే తేడా. మళ్లీ పిడికిలే! మిల్లు యజమాని ఇంట్లో ఫోటోలు తీసింది మీరేనట. ఆయన మొహం వెలవలేదేం? మా నాన్న కిటికీకి దూరంగా చీకటి గోడ మీద ఉన్నాడు. ఎండ ఎక్కణ్ణుంచి వచ్చింది, మీ జేబులోంచా? ఆదివారం మీ షాపు ముందు బైఠాయిస్తాను!

రాజీ ఎరగని,
మిల్లు నాయకుడి కొడుకు

తా.క.: 'వెలిస్తే వెలవనీరా' అంటుంది అమ్మ. చైతన్యం తక్కువ. చదవమని పుస్తకమిస్తే ఊగే బల్ల కాలి కింద పెట్టింది.

*

కోపాల తమ్ముడికి,

తప్పకుండా రా, నీడలో కుర్చీ వేయిస్తాను. మిల్లు యజమాని మొహం ఫోటో తీయకముందే వెలిసింది, నేనేం చేయను? కాగితానికి రాజకీయాలు తెలియవు. వెలిస్తే అంతా వెలుస్తుంది. చెయ్యి ఒక్కటే పోయిందంటే, ఎవరో మొహం కప్పి ఎండకు పెడుతున్నట్టే. నామీద అరవడం మాని, ఓ పగలు ఇంటికెళ్లి చూడు.

విసిగిన,
ఫోటో షాపు

తా.క.: మీ అమ్మగారు మొన్న ఇటొచ్చి 'ఆ మొదటి రకమే నయమయ్యా, ఇది మహా మొండిది' అన్నారు. నీ గురించేమో అనుకున్నాను.

*

అన్నా,

మీరు చెప్పింది అబద్ధమని తేలుద్దామనే మధ్యాహ్నం పని మధ్యలో ఇంటికొచ్చాను. పెరటి మెట్టు మీద ఫ్రేము. అద్దం తీసి పక్కన పెట్టి ఉంది. నాన్న మొహం మీద మడిచిన తువ్వాలు, చెయ్యి మాత్రం ఎండలో. పక్కనే కూర్చుని అమ్మ నా చొక్కాకు గుండీ కుడుతోంది.

"ఏంటమ్మా ఇది?"

"మొహం నీకోసం ఉంచాన్రా. ఆ చెయ్యి మాత్రం చూడలేను. గేటు దగ్గర ఎత్తింది ఇంటికొచ్చి నామీద దించేవాడు."

చిన్నప్పుడు ఆ దెబ్బలేంటని అడిగితే తలుపు తగిలిందనేది. దోపిడీ లెక్కలన్నీ నోటికొచ్చినవాణ్ణి, మా ఇంట్లో తలుపులెన్నో లెక్కపెట్టుకోలేదు.

మొహం వరకు కత్తిరించి కొత్తది వేయమని రాయబోయాను. చెయ్యి రాలేదు. అలా వేస్తే అప్పుడు నిజంగా మోసం చేసినట్టే, మీరు కాదు, నేను. కొత్తది వద్దు. మీ కాగితం మంచిదే. ఎటొచ్చీ అమ్మనే ఏడాది కూర్చోబెట్టింది.

ఇట్లు,
మా అమ్మ కొడుకు

తా.క.: ఎండ పడే కిటికీకి ఎదురుగా మేకు కొట్టాను. తువ్వాలు తీసేశాను.