తిరిగి పంపాలన్న షరతు

అమీర్‌పేట

బంగారంలాంటి మా అమ్మకు,

ఫోన్‌లో చెబితే నీ గొంతు మారిపోతుంది. అది వినే ధైర్యం లేక రాస్తున్నాను. ముందు మా ఆఫీసు వింత చెబుతాను.

అంతరిక్షం నుంచి తిరిగొచ్చే నౌక అనుకున్న చోట కాక ఇంకో దేశంలో దిగాల్సి వస్తే ఏం చేయాలో ముందే ఆలోచించి పెట్టుకుంటారట. మన దగ్గర దిగితే అందులోవాళ్లు ఊరివాళ్లకు చూపడానికి చిన్న తెలుగు వాక్యాలు రాయడం ఇప్పుడు నా పని. పంజాగుట్టలో చాయ్ తాగుతున్నా అదే ధ్యాస. "భయపడకండి, మేమూ మనుషులమే" అని రాశాను. "దగ్గరికి రాకండి" అంటే మనవాళ్లు ఇంకాస్త దగ్గరికొస్తారు కదా, దాన్నెలా రాయను?

దేశాల మధ్య ఒప్పందం కూడా ఉంది. ఎవరి నేలమీద పడినా కాపాడాలి, తర్వాత క్షేమంగా తిరిగి పంపాలి. "దిగినవాళ్లను మీ ఊళ్లో మొదట ఏమడుగుతారు?" అన్నారు మా కృష్ణమోహన్ సారు. "ఎప్పుడొచ్చిన్రు, ఎన్నడు పోతరు?" అన్నాను. అందరూ నవ్వారు. నాకు మాత్రం ఏడుపొచ్చింది.

పుట్టింటికొచ్చిన ఆడపిల్లనూ అదే అడుగుతారు కదమ్మా. నేనిప్పుడు నరేశ్‌తో కాపురంలో లేను. ఆఫీసుకు దగ్గర్లో ఎస్.ఆర్. నగర్ హాస్టల్లో ఉంటున్నాను. కొట్టలేదు, తిట్టలేదు. ఏడాదిగా నాతో మాట్లాడటమే మానేశాడు. అన్నం పెడితే తింటాడు, పిలిస్తే పలకడు. ఇక ఆ ఇంటికి వెళ్లను. ఆదివారం నీ దగ్గరికి రావాలని ఉంది. కానీ నువ్వూ నాలుగు రోజులుంచుకుని, సర్దిచెప్పి తిరిగి పంపుతావేమో. ముందే చెప్పు.

నీ అనుపమ

సిద్దిపేట

అనూ,

"దగ్గరికి రాకండి" అంటే ఎవరూ వినరు. "మంచినీళ్లు తెండి" అని రాయి. అందరూ ఇళ్లకు పరుగెత్తుతారు.

ఇన్నాళ్లూ దాచినందుకు నీ మీద కోపమొచ్చింది. ఏడ్చాను కూడా. ఆ నౌకవాళ్లను తిరిగి పంపడమంటే ఎక్కడికి? వాళ్ల ఇంటికే కదా. మరి నిన్ను నరేశ్ దగ్గరికెందుకు పంపుతాను? నువ్విక్కడికి వస్తేనే ఆ ఒప్పందంలో షరతు నెరవేరినట్టు.

నువ్వొస్తున్నావని పక్కింటి మధులతతో చెప్పాను. అనుకున్నట్టే, "మళ్ల ఎన్నడు పోతది?" అంది.

"నౌకరీకి పోతది, ఇంటికొస్తది. గిది దాని ఇల్లే గద" అన్నాను.

ఆదివారం ఏం కూర చేయాలో అదొక్కటి చెప్పు.

మీ అమ్మ
రుద్రమ్మ