పాత పుస్తకం అచ్చు ఆపిన అమ్మాయికి

అమ్మలూ,

నాన్న దీవెనలు. మీ అమ్మా నేనూ కులాసా. నువ్వు కూడా కులాసాగా ఉన్నావనీ, వేళకు తింటున్నావనీ అనుకుంటున్నాను. కులాసా అన్నది ఒంటి వరకే రాశాను. మనసు సంగతి కింద ఉంటుంది. సగం చదివి ఫోన్ అందుకునే అలవాటు నీకుంది. ఈసారి చివరిదాకా చదివాకే మాట్లాడు.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. అమ్మ మోకాలు నయం. మెట్లు దిగేటప్పుడు మాత్రం నన్ను తిట్టుకుంటూ దిగుతుంది, ఆ మెట్లు నేనే కట్టించినట్టు. షాపు పైకప్పు కారడం ఆగింది. చేతులు వణకడం లేదు, కళ్లజోడు మార్చాను. ఇవాళ్టికి కౌంటర్ మీద తొమ్మిది గేమ్ మెషిన్లు విప్పి ఉన్నాయి. వాటిలో మూడింటికి నీకంటే కాస్తే తక్కువ వయసు.

"కొత్త పుస్తకంతో ఆడారా నాన్నా? మీ వాళ్లకు నచ్చిందా?" అని రాశావు. ఆడాం. విడుదలకు ముందే నువ్వు పంపిన ఆ కొత్త నియమాల పుస్తకంతో మూడు ఆదివారాలు ఆడాం.

మొదటి ఆదివారం ఒకాయన తన మెషిన్ తీసుకుపోవడానికి వచ్చి, మమ్మల్ని చూసి ఇదేం ఆట అని అడిగాడు. మన దర్జీ ఎంతో హుషారుగా, "తెరా లేదు, తీగా లేదండీ. తలా ఒక వేషం. ఈయన కథ చెప్తాడు, మేం అందులో ఏం చేస్తామో చెప్తాం. అవుతుందా అవదా అని అనుమానమొస్తే పాచిక వేస్తాం. అంతే!" అన్నాడు. తర్వాత నీ కొత్త పుస్తకం విప్పి తన వేషం కోసం వెతికాడు. పదకొండేళ్లుగా అతను దివిటీమోత. కత్తి పట్టడు, మంత్రం వెయ్యడు. అందరికంటే ముందు గుహలో అడుగుపెట్టి వెలుతురు చూపిస్తాడు. పేజీలు ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకీ తిప్పాడు. దివిటీమోత లేడు.

"వెలుతురు దానంతటదే వస్తుందట కదన్నా, ఇంక నేనెందుకు?" అని నవ్వాడు. రెండో ఆదివారం ఆలస్యంగా వచ్చి ఎవరిదో కత్తి పట్టుకుని కూర్చున్నాడు. మూడో ఆదివారం కుట్టుపని ఉందని కబురు పంపాడు. అతనికి ఆదివారం కుట్టుపని ఉండటం నేను ఎన్నడూ ఎరగను.

రిటైరైన నర్సమ్మ సంగతి చెప్పనా? ఆవిడ ఏ తలుపు ముందుకొచ్చినా "ఆగండి, నేను చెవి ఆనించి వింటాను" అనేది. ఇప్పుడు తన కాగితంలో నువ్వు అచ్చేసిన పన్నెండు శక్తుల జాబితా చూసుకుని, "ఇందులో చెవి ఆనించడం లేదు తమ్ముడూ, ఏ బటన్ నొక్కాలి?" అంటోంది. బల్ల మీద బటన్ లేని ఆటలో బటన్ కోసం వెతికిస్తున్నావు, అమ్మలూ. కాదంటే చెప్పు.

నర్సమ్మ పాత పుస్తకం కుట్లూడి సగం పేజీలు చేతికొచ్చేశాయి. కొత్తది వద్దు, మళ్లీ పాతదే ఆడుకుందామని, ఆవిడకు ఒక కాపీ తెద్దామని పుస్తకాల షాపుకు వెళ్లాను. ఆ షాపాయన నన్ను వింతగా చూశాడు. "అది ఇంక రాదండీ, అచ్చు ఆపేశారు. ఆపేశామని మాకొచ్చిన కాగితం మీద సంతకం మీ అమ్మాయిదే కదా! మీకు తెలీదా?"

"తెలుసు" అని చెప్పి బయటకొచ్చాను. నీ పరువు కోసం కాదు, నా పరువు కోసం.

ఈ ఆట పుస్తకాలు అచ్చేసే కంపెనీలో ఉద్యోగం వచ్చిందని చెప్పిన రోజు షాపులో స్టూలు మీద కూర్చుని ఏమన్నావు? "ఎన్ని కొత్తవి వచ్చినా పాత పుస్తకం అచ్చు మాత్రం ఆపనివ్వను నాన్నా, ఒట్టు" అన్నావు. నేను నిన్ను ఒట్టు అడగలేదు. అడగని మాట ఇచ్చావు. ఆ మాట తప్పావు. తప్పానని ఒక్క ముక్క రాయడానికి నీకు చెయ్యి రాలేదు. పరాయివాడి నోటి నుంచి విన్నాను. దీన్ని నమ్మకద్రోహం అంటారు. కన్నకూతురి గురించి ఆ మాట రాయాల్సి వస్తుందని అనుకోలేదు, రాస్తున్నాను.

కొత్త పుస్తకం ఎందుకో మాత్రం నీ ఉత్తరంలో సంజాయిషీ ఉందిలే. "ఇది గేమ్ కన్సోల్ లాంటిదే నాన్నా. కొత్త మెషిన్ వచ్చాక పాత క్యాసెట్లు అందులో పట్టవు. దానికెవరూ ఏడవరు. నీకంటే బాగా ఎవరికి తెలుసు?" అన్నావు.

నాకంటే బాగా ఎవరికీ తెలియదు, నిజమే. ఏడుస్తారు. ముప్పై ఏళ్లుగా నా కౌంటర్ దగ్గరే ఏడుస్తున్నారు. గడ్డాలు నెరిసినవాళ్లు పాత మెషిన్‌ను రెండు చేతులతో పట్టుకొచ్చి, "ఎలాగైనా బతికించండి" అంటారు. అయినా మెషిన్ విషయంలో నువ్వన్నదానికి అర్థముంది. లోపల భాగాలు ఎండిపోతాయి, డిస్కు చదివే కన్ను మసకబారుతుంది, విడిభాగాలు దొరకవు. పాతదానికి చేతకానిది కొత్తది నిజంగానే చేస్తుంది. పుస్తకంలో ఏం ఎండిపోయింది? తెరిస్తే తెరుచుకుంటుంది. ఆట నడిచేది కాగితంలో కాదు, బల్ల చుట్టూ ఉన్న తలల్లో అని నువ్వే నాకు చెప్పేదానివి. ఏ చిప్పు కాలిపోయిందని దివిటీమోతను పీకేశావు?

ఇంతవరకూ కోపం. ఇక్కడి నుంచి రాయడానికి నాలుగు రోజులు పట్టింది.

కొత్త పుస్తకం గురించి నువ్విచ్చిన ఉపన్యాసం నర్సమ్మ ఫోన్‌లో చూశాం. కుట్టుపని ఉందన్నవాడు కూడా నిన్ను చూడాలని వచ్చాడు. అంతమంది ముందు నువ్వు చెప్పావు: "నాకు పన్నెండేళ్లప్పుడు నా గేమ్ మెషిన్ చచ్చిపోయింది. అలాంటివి బాగుచేయడమే పనిగా ఉన్న మా నాన్న దాన్ని విప్పి చూసి, 'దీని కాలం అయిపోయిందమ్మా, ఏడిస్తే తిరిగిరాదు, రా, కొత్త ఆట నేర్చుకుందాం' అన్నారు. ఈ కొత్త ఎడిషన్ ఆ మాటలోంచే పుట్టింది." జనం లేచి చప్పట్లు కొట్టారు. నర్సమ్మ నా భుజం తట్టింది. దర్జీ నా వైపు చూడలేదు.

ఇప్పుడు ఆ చచ్చిపోయిన మెషిన్‌ను పంపమంటున్నావు, విడుదల రోజు అద్దాల పెట్టెలో పెడతానని. నన్ను వేదిక మీద నీ పక్కన కూర్చోమంటున్నావు. ఇంక దాచడం నా వల్ల కాదు.

ఆ మెషిన్ చావలేదు. అది సలక్షణంగా ఉండేది. నువ్వు బడికి వెళ్లాక దాన్ని విప్పి, బోర్డు మీద గోరంత ఫ్యూజ్ ఒకటి ఊడదీసి జేబులో వేసుకున్నది నేను. నువ్వొచ్చి స్విచ్ వేశావు, వెలగలేదు. పరుగున తెచ్చి నా చేతుల్లో పెట్టావు. ఊళ్లో అందరి మెషిన్లూ బతికించే నాన్న నీది బతికించలేడన్న అనుమానం నీకు ఒక్క క్షణం కూడా రాలేదు. నేను విప్పి, చూసినట్టు నటించి, నువ్వు వేదిక మీద చెప్పావే, ఆ మాట అన్నాను. నువ్వు దాన్ని తువ్వాలులో చుట్టి రెండు రోజులు పక్కలో పెట్టుకున్నావు. మూడో రోజు ఆ పాత పుస్తకం, పాచికలు తెచ్చి బల్ల మీద పెట్టాను.

ఎందుకు చేశానంటావా? పగలంతా ఊళ్లో పిల్లల మెషిన్లు బాగుచేసి ఇంటికొస్తే నాకు కనిపించేది నీ జడ ఒక్కటే. బడిలో ఏం జరిగిందంటే "ఊఁ" అనేదానివి, అన్నం తిన్నావా అంటే "ఊఁ" అనేదానివి, తెర వైపు నుంచి తల తిప్పకుండానే. ఎదురుబొదురుగా కూర్చుంటే తప్ప ఆడలేని ఆట ఏదైనా ఉందా అని వెతుక్కున్నాను. తీసిన ఫ్యూజ్ తిరిగి పెట్టడానికి ఐదు నిమిషాలు చాలు. మీ అమ్మ ఏడాదికోసారి "చెప్పెయ్యండి" అంటూనే ఉంది. నీ ముందు అబద్ధాలకోరుగా నిలబడలేక చెప్పలేదు.

నిన్న ఫ్యూజ్ వేశాను. వెలిగింది. ఈ ఉత్తరంతో పాటే పంపిస్తున్నాను. అద్దాల పెట్టెలో పెడతావో, పారేస్తావో నీ ఇష్టం, చచ్చిపోయిందని మాత్రం దాని మీద రాయకు. వేదిక మీదికి ఇప్పటికీ రమ్మంటే వస్తాను. మైకు ఇస్తే ఇదే చెబుతాను.

నీకు ఒళ్లు మండుతూ ఉంటుంది. మండనీ, నేను మోసమే చేశాను. కానీ నువ్వు చేసిందేమిటో కూడా ఒకసారి చూసుకో. బాగా నడుస్తున్నదానిలోంచి ఒకటి ఊడదీసి, నమ్మినవాళ్ల ముఖం చూసి, దీని కాలం అయిపోయిందని చెప్పావు. అది నీకు ఏ కన్సోలూ నేర్పలేదమ్మా, నేనే నేర్పాను. అందుకే నీ మీద నా కోపం ఎక్కడా పూర్తిగా నిలవడం లేదు. నేను ఫ్యూజ్ పెట్టడానికి ఇరవై రెండేళ్లు పట్టింది. నువ్వు అంత కాలం తీసుకోకు. నర్సమ్మకు డెబ్బై ఒకటి.

క్షమించమని రాద్దామని రెండుసార్లు మొదలుపెట్టి కొట్టేశాను. ఆ అబద్ధం వల్ల ఏడేళ్ల పాటు ప్రతి ఆదివారం నీ ముఖం నాకు ఎదురుగా ఉంది. అది వద్దనుకోవడం నాకు చేతకావడం లేదు.

ఇట్లు,
నీ నాన్న