పదిహేడో నంబరు ప్లేటు

అన్నయ్యా,

నేనిక్కడ కులాసా. నీ నిద్ర, అమ్మ మోకాళ్లు ఎలా ఉన్నాయో రాయి.

మనిద్దరి దగ్గరా రక్తం తీసుకున్నారు కదా. అందులోని కణాలను ముందు మూలకణాలుగా, తర్వాత మెదడు కణాలుగా మార్చి మా ల్యాబులో పెంచుతున్నాం, నీ జబ్బు ఎక్కడ మొదలవుతుందో చూద్దామని. ప్లేట్ల మీద పేర్లుండవు, నంబర్లే. ఏది ఎవరిదో పెంచే నాకు కూడా చెప్పరు. పదిహేడో ప్లేటులో కణాలు కుదురుగా ఉండక గుంపులు కట్టి ఊడొచ్చేస్తుంటే, అది నీదేనని తీర్మానించేశాను. సెలవు రోజుల్లోనూ వచ్చి, ముందు దానికే ఆహారం పోసి, "ఏం కాదులే అన్నయ్యా" అని బుజ్జగించేదాన్ని.

నిన్న నంబర్ల జాబితా విప్పారు. పదిహేడు నాది! మూడు నెలలు నన్ను నేనే ముద్దు చేసుకున్నాను. నీది పక్కనే బుద్ధిగా పెరిగిన పద్దెనిమిది. "జబ్బు కంటికి తెలిసేదైతే ఇన్ని మిషన్లెందుకమ్మా?" అని మా మేడమ్ ఒకటే నవ్వు. అసలు తేడా తేలడానికి ఇంకా ఏళ్లు పడుతుంది. అందాకా మాత్రలు మానావో, ఊరుకోను.

నా నీలం స్వెటర్ పంపు, ల్యాబులో చలి. తన పెంపకం వల్లే నీకిలా అయిందని అమ్మ ఏడిస్తే, అదే పెంపకంలో నేనూ పెరిగానని చెప్పు. ఆవిడకు నా ముద్దులు.

ఇలాంటివి ఇలా కార్డు మీద కాకుండా కవర్లో పెట్టి రాయమంటుంది అమ్మ, పోస్టాయన చదువుతాడని. చదవనీ. చదివాక మనిద్దరిలో తిక్క ఎవరికో ఆయన్నే చెప్పమను.

నీ చెల్లి,
పదిహేడో నంబరు