నీ పక్క కుర్చీలో తువ్వాలు వేసి ఉంచు

రూతక్కకు,

ఎర్రగుంట్ల నుంచి నీ తమ్ముడు యోహాను వందనాలు. ప్రభువు దయవల్ల నేనూ సరోజా పాపా బాగానే ఉన్నాము. అమ్మ మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయి? బావ దగ్గు తగ్గిందా? మామిడి తోటలో పూత నిలిచిందా? బనగానపల్లె బేరగాళ్ళు వచ్చి చూసిపోయారా? ఇవన్నీ ఫోన్లో అడగవచ్చు. కానీ ఫోన్లో నువ్వు మాట్లాడతావు, నేను వింటాను. ఈసారి నేను చెప్పేది నువ్వు పూర్తిగా వినాలి. అందుకే రాసి, మన వైపు వచ్చే లారీ డ్రైవర్ చేతికిస్తున్నాను.

ఇక్కడ ఎండలు అప్పుడే ముదిరాయి. నేనింకా సిమెంటు బస్తాలు నింపే చోటనే ఉన్నాను. మూతికి గుడ్డ కట్టుకున్నా, డ్యూటీ దిగి ఉమ్మితే బూడిదరంగే. ఆరిన బట్టలు దులిపి మడతపెట్టాలి. సరోజ అన్నం గిన్నెకు మూతపెట్టి, దాని మీద గుడ్డ కప్పుతుంది. అయినా పంటికింద గరగర. చర్చిలో బల్ల మీద పరిచిన తెల్లగుడ్డ చివరి పాటకల్లా మాసిపోతుంది. నువ్వు దిగులు పడకు, తిండికి లోటు లేదు, ఒళ్ళు బాగానే ఉంది. ఊరికే అలసట. పడుకుని లేచినా పోవడం లేదు.

నీ సంగతులు తెలుస్తూనే ఉన్నాయి. పక్క ఊరి సున్నపురాయి గనిలో పేలుళ్ళకు మన బావి పగిలి నీళ్ళు ఇంకిపోయినప్పుడు, నువ్వూ పక్కింటి మాబున్ని పిన్నీ ఇద్దరే వెళ్ళి గని ఆఫీసు ముందు కూర్చున్నారు. ఊరంతా నవ్వింది. ఇప్పుడు చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళంతా మీ వెనక వస్తున్నారట. కోయిలకుంట్ల కాలేజీ పిల్లలు నీళ్ళు పరీక్షకు పట్టుకెళ్ళారట. చర్చిలో సాక్ష్యం చెప్పమంటేనే కొంగు నోట్లో కుక్కుకునేదానివి, ఇప్పుడు మైకు వదలడం లేదట! గర్వంగా ఉందక్కా. భయంగానూ ఉంది.

ఎందుకంటే, మన తోటల పక్కన కొత్త గని కావాలంటున్నది మా కంపెనీయే. వచ్చే వారం మన ఊళ్ళో జరిగే ప్రజాభిప్రాయ సేకరణ దాని కోసమే. నిన్న సూపర్‌వైజర్ పిలిచాడు.

"ఏమప్పా, నీది ఆ ఊరే కదా? మన బస్సులో రా. ఫ్యాక్టరీ వల్ల బాగుపడినానని మైకులో రెండు ముక్కలు చెప్పు."

"మా అక్క అవతల పక్క కూచుంటాది సార్."

"అందుకే కదప్పా నిన్ను పిలుచుకపోయేది!"

సరోజతో చెప్పాను. "నువ్వు ఎదురు తిరిగితే ఈడ పనుంటాదా? మళ్ళా మిరప కోతలకు గుంటూరు పోదామా?" అంది. ఆమె తప్పేమీ లేదు. పాపను చంకనేసుకుని కోతలకు పోయిన రోజులు తను మరిచిపోలేదు.

పోయినసారి ఇంటికి వచ్చినప్పుడు నువ్వు పెట్టిన పళ్ళేన్ని నేను చొక్కా అంచుతో తుడిచాను, గుర్తుందా? "కడిగిందే కదరా, నా ఇల్లు అంత మురికిగా ఉండాదా?" అని నొచ్చుకున్నావు. నీ పళ్ళెంలో ఏ మురికీ లేదక్కా. ఇక్కడ దుమ్ము తుడవకుండా ఎవరమూ తినము, ఆ అలవాటుకు చెయ్యి దానంతటదే చొక్కా అంచుకు పోయింది. మన ఇంట్లో అమ్మ కూడా అలా తుడుచుకుని తినే రోజు రావాలని నేను మైకులో చెప్పలేను. నా వల్ల కాదు.

అందుకని వాళ్ళ బస్సులోనే వస్తాను. దిగేటప్పుడు నన్ను చూసి ముఖం తిప్పుకోకు. మైకు ఇస్తే ఈ పళ్ళెం సంగతే చెబుతాను. ఆ తరువాత వాళ్ళు నన్ను బస్సు ఎక్కించుకోరు, పనిలోనూ ఉంచుకోరు. సరోజకు ఈ మాట ఇంకా చెప్పలేదు. లారీ పోగానే ఇంటికెళ్ళి చెబుతాను.

అమ్మను ప్రార్థనలో ముందు సరోజను తలచుకోమను, తరువాత నన్ను. మాబున్ని పిన్నికి సలాం, బావకు నమస్కారాలు. మీ వైపు జనం ఎక్కువ వస్తారట, నాకు చోటు దొరకదేమో. నీ పక్క కుర్చీలో తువ్వాలు వేసి ఉంచు.

నీ తమ్ముడు,
యోహాను