ఉమ్మడి గోడ దర్జీ గారికి

బజారు వీధిలోని తొమ్మిది షాపుల వరసలో నాలుగోదైన తాళాల షాపు యజమానురాలిని, డెబ్బై మూడేళ్లదాన్ని, అందరూ తాళాలక్క అని పిలిచే నేను రాయిస్తున్న వీలునామా ఇది. నా మతి స్థిరంగానే ఉంది. అనుమానం ఉన్నవాళ్లు ఏ పాత తాళమైనా తెచ్చి నా ముందు పెట్టండి, చెవి చేసిస్తాను. ఎవరి ఒత్తిడికీ లొంగి రాయించడం లేదు. ఒత్తిడి చేసినవాడి మాట విననందుకే రాయిస్తున్నాను.

1. ఆ ఒత్తిడి చేసినవాడు నా కొడుకు. నూట పదేళ్ల వరసను పడగొట్టి అద్దాల కాంప్లెక్సు కట్టాలని వాడి పంతం. ఆ షాపుల ముందున్న ఇనప స్తంభాల వసారాలో ఎండకూ వానకూ ఊరంతా తలదాచుకుంది. ఆ వరసను పాత కట్టడాల జాబితాలో చేర్చి కాపాడమని తొమ్మిది షాపులవాళ్లం మున్సిపాలిటీకి అర్జీ పెట్టాం. "నీ తర్వాత ఆ అర్జీలోంచి మన షాపు తీయించేస్తానమ్మా" అని వాడు నేను వడ్డించిన అన్నం తింటూ నాతోనే అన్నాడు. తీయించు, చూద్దాం. నేనుంటున్న ఇల్లు సర్వహక్కులతో వాడికి ఇస్తున్నాను. దాన్ని కూల్చుకున్నా నాకు అభ్యంతరం లేదు, అది కట్టినప్పుడే బాగాలేదు.

2. తొమ్మిదేళ్లప్పుడు వాడు ఆకురాయితో అరగదీసిన మొదటి తాళంచెవి కూడా వాడికే. అది ఏ తాళాన్నీ తెరవదు. ఇన్నేళ్లూ నా గుత్తిలోనే దాచుకున్నాను. పారేయకురా నాయనా.

3. షాపు, పనిముట్లు, చెక్క తలుపులు, మా నాన్న కూర్చున్న పీటతో సహా నా కూతురికి. దాని చేతి పని నాకన్నా నయం. మనసే మరీ మెత్తన. అన్న రెండు తీపి మాటలు చెబితే ఎక్కడ పెట్టమంటే అక్కడ సంతకం పెట్టేస్తుంది. కోపం తెచ్చుకోకు తల్లీ, నిన్ను కన్నదాన్ని నేనే. అందుకే కింది అంశం రాయించాల్సి వచ్చింది.

4. మా షాపుకూ పక్క దర్జీ షాపుకూ మధ్య గోడ ఒక్కటే, చెరి సగం. రెండు షాపుల దూలాలూ దానిమీదే ఆనుతాయి. అందులో నా సగాన్ని దర్జీ గారికి ఇస్తున్నాను. మా దూలాలు ఎప్పటిలాగే అక్కడ ఉంటాయి, దించాలంటే మాత్రం ఆయన సంతకం కావాలి.

మేమిద్దరం మాట్లాడుకుని పంతొమ్మిదేళ్లయింది. తాళంచెవుల పలక తగిలించడానికి నేను ఆ గోడకు మేకు కొట్టాను. అవతల పెచ్చు ఊడి ఎవరిదో కొత్త కోటు మీద పడింది. "గోడ నీ ఒక్కదానిదేనా? ఇంకో మేకు దిగిందో, ఊరుకోను!" అని వీధంతా వినబడేలా అరిచారు. నేనూ తగ్గలేదు. ఆనాటి నుంచి ఏటా వానలకు ముందు తన వైపు తానే సున్నం వేసుకుంటారు. నా వైపు చెమ్మ కనిపిస్తే మనిషిని పంపి మరీ తిట్టిస్తారు. ఒక్క మేకుకే ఇంత చేసిన మనిషి గునపాలను రానిస్తారా? తీపి మాటలకు ఆయన కరగరు. మాటలున్న రోజుల్లో నేను ఒకసారి ప్రయత్నించి చూశాను.

5. దీన్ని అమలుపరిచే బాధ్యత మా లాయరమ్మది. చదివి వినిపించేటప్పుడు నా కొడుకునీ దర్జీ గారినీ పక్కపక్కన కూర్చోబెట్టాలి.

6. దర్జీ గారూ, ఆ రోజు తప్పు నాదే. అప్పుడే చెప్పాల్సింది, నోరు రాలేదు. మేకు ఇంకా అక్కడే ఉంది. పీకుతారో ఉంచుతారో మీ ఇష్టం, ఇక గోడంతా మీదే.

ఈ నెల పదకొండో తేదీ, మంగళవారం, నా షాపులోనే కూర్చుని చేసిన సంతకం:
తాళాలక్క

సాక్షులు:
1. మొదటి షాపు గొడుగులాయన
2. ఆరో షాపు పుస్తకాల బైండరు