రోడ్డు దాటిన తీగ

ఏప్రిల్ 27

కరెంటు ప్రైవేటు కంపెనీ చేతికి వెళ్లిన ఏడాదే కరెంటు ఆఫీసులో ఇంజనీరు ఉద్యోగం వదిలేసి, మరిదితో కలిసి ఈ సోలార్ షెడ్డు పెట్టాను. మా వీధిలో ఎడమవైపు దుకాణాలకు కరెంటు మాది. కుడివైపు కంపెనీది. లైసెన్సులో గట్టి షరతు ఒకటే. మా తీగ రోడ్డు దాటకూడదు. వచ్చే నెల విద్యుత్ కమిషన్ ముందు లైసెన్సు రెన్యువల్ హియరింగ్.

మే 2

కంపెనీ మేనేజరు కాఫీకి పిలిచాడు. షెడ్డు తమకు అమ్మేయమన్నాడు, చాలా తియ్యగా. వద్దన్నాను. కొండను ఢీకొన్న పొట్టేలు కథ ఎలా ముగుస్తుందో తెలుసా అని అత్తగారు అడిగారు. మరిది ఎంతిస్తామన్నారని అడిగాడు. అదే ఎక్కువ గుచ్చుకుంది.

మే 9, సాయంత్రం

పొద్దున కంపెనీ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. ఎదురుగా ఉన్న ప్రసూతి ఆసుపత్రి నుంచి డాక్టరమ్మ చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తుకొచ్చింది. జనరేటర్ మొరాయించిందట. నెలలు నిండని పిల్లలిద్దరు మిషన్ల మీద ఉన్నారట. కంపెనీవాళ్లు సాయంత్రం దాకా ఆగమన్నారట. పిల్లల్ని ఇటే తెచ్చేయమన్నాను. కదిపితే దక్కరంది.

"వదినా, తీగ అటు పడిందంటే మన పని అయిపోయినట్టే," అన్నాడు మరిది. అంటూనే నిచ్చెన తెచ్చాడు.

మా వైపు టైలరు మిషన్లు ఆపేశాడు. లేతు మేస్త్రి గొణుక్కుంటూనే ఆపాడు. ఉన్న కరెంటంతా అటు పంపాం. తీగ నడిమధ్య జారి వేలాడింది. వెదురు గడతో దాన్ని ఎత్తిపట్టి మిట్టమధ్యాహ్నం రోడ్డు మీద నిలబడ్డాను. మరిది బండ్లను ఆపుతున్నాడు. ఒక లారీ ఆగలేదు. దాని మీది సామాను తీగను ఒరుసుకుంటూ పోయింది. తెగలేదు. తెగి ఉంటే? చుట్టూ అంతమంది జనం.

ఎవరో కారులోంచి ఫోటో తీశారు.

మే 10

పిల్లలిద్దరూ క్షేమం. ఫోటో కమిషన్‌కు చేరింది.

మే 24

హియరింగ్. కంపెనీ లాయరు నా మీద ఒక్క మాట తూలలేదు. ఈవిడకు తీగ వేయడం తెలుసు, రేపు తెలియనివాడు వేస్తే ఎవరి ప్రాణం పోతుందో అన్నాడు. నాకు కోపం రావాలి. రాలేదు. ఉద్యోగంలో ఉండగా ఆ మాటే చెప్పి ఎన్ని దొంగ తీగలు పీకించానో.

ట్రాన్స్‌ఫార్మర్ పాతబడిందని తెలిసీ ఎందుకు మార్చలేదని ఛైర్మన్ ఆయన్నీ నిలదీశారు. మీరు కరెంటు టారిఫ్ పెంచనిస్తేగా అన్నాడు. ఛైర్మన్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. తర్వాత నా వైపు తిరిగి, మళ్లీ అలాంటి రోజే వస్తే ఏం చేస్తారని అడిగారు.

"తీగ వేస్తానండీ. ఇంకొకళ్లు వేస్తుంటే మాత్రం ఆపుతాను."

ఎవరో నవ్వారు. నేను జోకు వేయలేదు.

మే 25

మరిది అన్నం తినకుండానే షెడ్డుకు వెళ్లిపోయాడు.

జూన్ 6

ఆర్డరు వచ్చింది. మా లైసెన్సు రద్దు. ఆ కిందే కొత్త నిబంధన: ప్రాణాపాయం ఉన్నప్పుడు, ఇంజనీరు దగ్గరుండి చూసుకుంటే, చిన్న సరఫరాదారులు తీగను రోడ్డు దాటించవచ్చు.

మరిది రెండుసార్లు చదివాడు. పగలబడి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. కాసేపటికి వచ్చింది, ఇక ఆగలేదు.