రూతు మాట విన్నారు

విమలా,

ఉద్యోగంలో చేరడానికి ఆ పొద్దున బిట్రగుంటలో బండెక్కే ముందు, నువ్వు కీర్తన పాడుకుంటూ బొగ్గుల పెట్టెతో నర్సు గౌను ఇస్త్రీ చేసుకున్నావు. తర్వాత మిలిటరీ ఆసుపత్రిలో నిన్ను చెరిచిన అధికారి మీద నువ్వు ఫిర్యాదు చేస్తే, వాడి చేతికే విచారణ ఇచ్చారు, నిన్ను ఇంటికి పంపారు. "పరువు పోతాది, నోరు మూసుకో మే" అన్నాడు మీ అన్న దానియేలు. ఏడాది తిరక్కుండానే ప్రభువు దగ్గరికి వెళ్లిపోయావు.

ఇప్పుడు దానియేలు కూతురు, నా మనవరాలు రూతుకూ ఆ నర్సు ఉద్యోగంలోనే అదే అన్యాయం జరిగింది. కానీ బయటి అధికారులొచ్చి దాని మాట విన్నారు, పక్కన మేట్రనమ్మను కూర్చోబెట్టారు. ఆ దుర్మార్గుడి ఉద్యోగం ఊడింది. ప్రార్థనలో స్తోత్రం చెప్పలేకపోయాను, విమలా. నీకు దక్కనిది దానికి దక్కిందని కడుపు మండింది.

సాయంత్రం అందరం కూర్చున్నాం. "నువ్వేం తప్పు చేసినావమ్మా? పోయి నీ పని చేసుకో" అన్నాడు దానియేలు. సోమవారం రూతు మళ్లీ డ్యూటీకి వెళ్లాలని తీర్మానించాం. గౌను ఇస్త్రీ నేనే చేస్తానన్నాను.